గోనె మీద ఇసుక

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. పొద్దున మా అపార్టుమెంటు కింద వాచ్‌మన్ ఎర్ర బకెట్లో ఇసుక పోస్తున్నాడు. ఆ సర్రుమనే చప్పుడు చెవిన పడగానే వెంకట్రామయ్య గారు గుర్తొచ్చారు.

మీరు ఆయనను చూడలేదు. పంతొమ్మిది వందల అరవైల చివర్లో నేను యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో గిన్నెలు తోమేదాన్ని. తార్నాకలో ఒక గది, అందులో నేనొక్కదాన్నే. ఆ పని పోతే గదీ లేదు, తిండీ లేదు. వెంకట్రామయ్య గారు వంటశాలలూ లాబరేటరీలూ తిరిగి, పనివాళ్లకు ఎక్కడ ప్రమాదముందో చూసి పై ఆఫీసుకు రిపోర్టు రాసేవారు. కోస్తా మనిషి. మెట్టుగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవారు. ఆయన అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. తప్పులు రాసే మనిషికి చాయ్ ఎవరు పోస్తారు? కుళాయి కింద దోసిలి పట్టి నీళ్లు తాగి వెళ్లిపోయేవారు.

ఒకరోజు పొయ్యిల పక్కన, నిప్పంటుకుంటే ఆర్పడానికి పెట్టిన ఎర్ర బకెట్లో ఆయన చెయ్యి దూర్చారు. పైన నాలుగు వేళ్ల మందం ఇసుక, కిందంతా గోనె.

"ఇసుక గోనె పరుచుకుని పడుకుందే, మల్లయ్యా!" అన్నారు.

"పోరగాండ్లు ఆటకు చేసుంటరు సార్," అని పెద్ద వంటవాడు మల్లయ్య నా వైపు ఉరిమి చూశాడు.

వెంకట్రామయ్య గారు నా గోళ్లలో ఇరుక్కున్న ఇసుకను చూశారు. "నువ్వు చెప్పమ్మా."

"నేనే తీసిన సార్. గంజులు అడుగు మాడుతయి, తోమనీకి ఏమియ్యరు. గోనె గూడ నేనే కుక్కిన. నా పేరు రాయకుండ్రి, మీ కాల్మొక్త."

"రాస్తానమ్మా. నూనె అంటుకున్ననాడు ముందు కాలేది నువ్వే."

ఆయనకొక అలవాటు ఉండేది. ఎవరి గురించి రాస్తే, పంపేముందు వాళ్లకే చదివి వినిపించేవారు. మెట్ల మీద కూర్చుని రాసి చదివారు: "యాదమ్మ ఇసుక తీసింది. తోమడానికి ఆమెకు ఏమీ ఇవ్వలేదు. ఆమెను తీసేస్తే తరువాత వచ్చేవారూ ఇదే ఇసుక తీస్తారు. తోమడానికి వేరుగా ఇసుక ఇప్పించవలెను."

"సగం రాస్తే అబద్ధమైపోతుందమ్మా," అన్నారు.

నా పని నిలిచింది. పెరట్లో బండెడు ఇసుక దిగింది. పై ఆఫీసు చేత చీవాట్లు తిన్న మల్లయ్య నన్ను చూస్తే చాలు, "జరుగుండ్రి, ఇన్‌స్పెక్టరమ్మ వస్తున్నది!" అనేవాడు. తోటి ఆడవాళ్లు నాతో కూర్చుని తినడం మానేశారు.

మళ్లీ ఆయన వచ్చినరోజు చాయ్ మరుగుతోంది. ఒక గ్లాసు నింపి చేతిలోకి తీసుకున్నాను. మల్లయ్య చూస్తున్నాడు. గ్లాసు కింద పెట్టేశాను. ఆయన కుళాయి దగ్గర నీళ్లు తాగి, రుమాలుతో మూతి తుడుచుకుని, "బకెట్లు బాగున్నాయమ్మా," అని సైకిలెక్కారు. ఆ తరువాత ఆయన చోటికి వేరే మనిషి వచ్చాడు.

ఇప్పటికీ ఎర్ర బకెట్ కనబడితే అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాను. పొద్దున వాచ్‌మన్ నవ్వాడు, నవ్వనీ. గ్యాసు పైపు చూడవచ్చి తప్పు చెప్పినవాణ్ణయినా కూర్చోబెట్టి చాయ్ ఇస్తాను. ఎందరికి పోసినా, ఆనాడు కింద పెట్టిన గ్లాసు మాత్రం నిండుగా అక్కడే ఉంది.

మీ ఇంటి నిప్పు పొయ్యి దాటకుండా ఉండాలి. మీ గడపకు వచ్చిన ఏ మనిషీ కుళాయి నీళ్లు తాగి వెళ్లిపోకుండా ఉండాలి. చల్లగా ఉండండి బిడ్డా.