అక్కకు పడని సూది

డెబ్బయ్యో దశకం చివర్లో, నాకు పంతొమ్మిదేళ్లప్పటి సంగతి. మొగుడంపల్లిలో జొన్న కోస్తుంటే మా అక్క రత్నమ్మ కాలికి కొడవలి తగిలి, గాయం చీము పట్టింది. పొద్దున్నే బస్సెక్కించి జహీరాబాద్‌లో ఒక దవాఖానకు తీసుకొచ్చాను.

కంపౌండరు పెన్సిలిన్ సూది తీశాడు.

"సారూ, ఆమెకు గీ సూది పడదు. పోయినేడు ఒళ్లంతా దద్దులొచ్చినయి, ఊపిరాడలే. జర ముందుగాల చేతికి కొంచెం ఏసి చూడున్రి" అన్నాను.

"డాక్టర్‌వి నువ్వా, నేనా? ఎనక మస్తు మంది ఉన్నరు, జరుగు" అన్నాడు, డాక్టరు కాని ఆ మనిషి. నేను జరిగాను.

సూది వేసిన కాసేపటికే అక్క గొంతు పట్టుకుంది. పెదాలు ఉబ్బిపోయాయి.

"డాక్టర్‌సాబ్‌ను పిలువున్రి!" అని అరిచాను.

"భయానికి గట్లయితది, నీళ్లు తాపు" అన్నాడు, ఇటు తిరిగైనా చూడకుండా. నేనే పరుగెత్తి లోపలి గదిలోంచి డాక్టరును పిలుచుకొచ్చేసరికి అక్క కళ్లు నిలిచిపోయాయి.

గుండె ఆగి చనిపోయిందని కాగితం మీద రాశాడు డాక్టరు.

"సూదితోని సచ్చిపోయిందని రాయున్రి" అన్నాను.

"ఆమె ఆయువు గంతే బిడ్డా, లొల్లి చెయ్యకు" అన్నాడు. కంపౌండరు అప్పటికే ఇంకొకరికి సూది నింపుతున్నాడు.

వాళ్లిద్దరినీ నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను కూడా. ఏ ఆసుపత్రికి వెళ్లినా మందు పేరు చెప్పనిదే చెయ్యి చాపను. నర్సులు నన్ను గయ్యాళి అంటారు. అననీ. ఆ రోజే ఇంత గయ్యాళినై ఉంటే మా అక్క దక్కేది.