పాడినవారి పేర్లు

మా మేనత్త పోయింది. కోయిలకుంట్ల నుంచి టెలిగ్రాం వచ్చేసరికి నేను కడపలో, బడిలో పాఠం చెబుతున్నాను. ఆమె శాసనసభ్యురాలు, పల్లెపాటల పుస్తకం వేసిన మనిషి. అందుకని ఆమెను గురించి నాలుగు మంచి మాటలు రాయమని పత్రికవాళ్ళు అడిగారు. పొగడడానికి నాకు ముఖం చెల్లడం లేదు. జరిగింది రాస్తాను.

అత్త కొప్పులో ఎప్పుడూ ఒక ఊదా సిరా పెన్సిల్ దోపుకుని ఉండేది. నాలుకతో తడిపి రాసేది గనుక పెదవి మీద ఊదా మచ్చ పోయేదే కాదు. కర్నూలు గుడారాల్లో జరిగిన అసెంబ్లీకి కూడా ఆ మచ్చతోనే వెళ్ళేది. "తుడుచుకో అత్తా, నవ్వుతారు" అంటే, "నవ్వనీప్పా, మేలుకొని అన్నా ఉంటారు" అనేది.

ఆమె పాట రాసుకోవడం ఒకసారి చూశాను. జొన్నచేలో కలుపు తీసే ఆడవాళ్ళ మధ్య, ఎండలో, నేల మీదే కూర్చుంది. పాట అయిపోగానే పెన్సిల్ ఎత్తింది.

"ఎవురు మే పాడిండేది? పేరు చెప్పు."

"మా పేరు యాలమ్మా? పాట రాసుకుంటివి గదా, శాలు."

"పేరు చెప్పకుంటే పాట నాకొద్దు. ఓటు అడిగేటప్పుడు పేరు పెట్టి పిలుస్తి గదా, పాట తీసుకునేటప్పుడు పిలవద్దా?"

ఆ మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "సుంకమ్మ" అంది. పుస్తకంలో నీ పేరు పడుతుందని అత్త మాట ఇచ్చింది.

తెలుగు పండితుణ్ణి కదా, ప్రూఫులు దిద్దే పని నాకు అప్పగించింది. చూస్తే ప్రతి పాట కింద ఒక కూలిమనిషి పేరు! చదువుకున్నవాళ్ళు ఏమనుకుంటారని నాకు తల కొట్టేసినట్టయింది. పీఠిక కింద నా పేరు ఉంది మరి. అత్తకు చెప్పకుండా అన్నీ కొట్టేశాను. ఎంత పొగరు నాకు!

అచ్చయి వచ్చిన పుస్తకాన్ని అత్త తిప్పి తిప్పి చూసింది.

"పేర్లు యాడప్పా?"

నేనేదో పాండిత్యం వెలగబెట్టాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా మాట పోగొడితివి గదప్పా" అని మాత్రం అంది. తర్వాత కొప్పులోంచి పెన్సిల్ తీసి, ఒక్కో పుస్తకంలో పేర్లు రాయడం మొదలుపెట్టింది. "పాడినోళ్ళకు నేనే తీస్కపోయి ఇస్తా. నువ్వూ వచ్చి, కొట్టేసింది నేనని చెప్పు."

బడిలో పరీక్షలున్నాయన్నాను. పరీక్షలు లేవు.

టెలిగ్రాం అందగానే బస్సెక్కాను. వాకిలి నిండా జనం. అత్త పెదవి మీద ఆ మచ్చ అలాగే ఉంది. చూడలేక పక్కకు వచ్చి నిలబడితే, సుంకమ్మ గుడ్డలో చుట్టిన పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అయ్యోరా, నా పేరు యాడుండాదో సూపిచ్చు. అమ్మ ఒకసారి సూపిచ్చింది గానీ నాకు సదువు రాదు."

మూల మడిచిన పేజీ తెరిచాను. పాట కింద ఊదా అక్షరాలు. చదివాను: "పాడినది సుంకమ్మ."

"అచ్చులో పడలేదని అమ్మ శానా బాధపడె. నేనే మర్సిపోతి, తప్పు నాదే అని నా చెయ్యి పట్టుకునె."

నా పేరు చెప్పనేలేదు మా అత్త! కొట్టేసింది నేనని అప్పుడూ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, అదీ సుంకమ్మ చదవలేదని తెలిసే.

ఆమె ఆ పేరు మీద ఆనీ ఆనకుండా వేలు పెట్టుకుని, "ఇంగోసారి సదువు అయ్యోరా" అంది.

చదివాను.