గోడ వెనక వంటగది

నిన్న నా పాత లాప్‌టాప్‌ను ఇబ్రహీంపట్నం చౌరస్తా దగ్గరి రిపేరు దుకాణానికి తీసుకుపోతే, మూత కూడా తెరవకుండానే ఆ దుకాణాయన "గిదాన్ని ఇంకెన్ని దినాలు మోస్తవన్నా, కొత్తది తీస్కోరాదు" అన్నాడు. ఫ్యాన్‌లో దుమ్ము తీయమన్న మనిషికి అదా జవాబు? మాట పడి ఊరుకునే స్వభావం కాదు నాది, నిలబడి దుమ్ము తీయించుకునే వచ్చాను. ఇంటికొచ్చి ఒక్కడినే అన్నం తింటూ ఉంటే, నీరసపు యంత్రాన్ని వెనకేసుకొచ్చి నేను మాటపడటం ఇదే మొదలు కాదని గుర్తుకొచ్చింది.

మన ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, చవక లాప్‌టాప్‌లో ఆట పెడితే బొమ్మ ఆగి ఆగి కదిలేది, ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలేవి. అలాంటివాటి మీద కూడా ఆట సాఫీగా నడిచేలా చూడటమే నగరంలోని ఒక చిన్న కంప్యూటర్ ఆటల కంపెనీలో అప్పట్లో నా ఉద్యోగం. పొద్దున్నే ఇక్కడ బస్సెక్కి, ఎల్బీనగర్‌లో మారి, అక్కడికి చేరితే అందరి ముందూ పెద్ద పెద్ద కంప్యూటర్లు, నాకు మాత్రం ఉన్నవాటిలో అతి నీరసమైన లాప్‌టాప్, జిరాక్సు మిషను పక్కన కుర్చీ. లాప్‌టాప్ పని కోసం ఇచ్చారు, సరే. కుర్చీ అక్కడెందుకు వేశారో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

ఆఫీసులో నాతో కలిసి అన్నం తినేది అందరం అక్కా అని పిలిచే ఒక్కామే. మీర్‌పేట్ నుంచి వచ్చేది, ఆటలోని ఇళ్ళూ వీధులూ ఆమే తయారు చేసేది. తాను తెచ్చుకున్న పచ్చిపులుసులో సగం నాకు పోసి, "తిను తమ్మీ, బస్సుల ఊగి ఊగి సగమైనవ్" అనేది.

అప్పుడు మేం చేస్తున్నది ఊరి వీధుల్లో సైకిలు తొక్కే ఆట. గులాబీ రంగు ఇల్లున్న మూల తిరగగానే నా లాప్‌టాప్‌లో సైకిలు తడబడేది. ఆ సంగతి రాసి పంపితే మా టీం లీడు తన పెద్ద కంప్యూటర్‌లో అదే మూల తిరిగి చూపించి, "నా దాంట్ల మస్తు నడుస్తుంది. రోగం ఆటకు కాదు, నీ లాప్‌టాప్‌కుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను మళ్ళీ రాశాను, మళ్ళీ మళ్ళీ రాశాను. చివరికి ఆయన విసిగిపోయి, శుక్రవారం మీటింగులో కారణం చూపించు, చూపలేకపోతే సోమవారం నుంచి రావద్దు అన్నాడు. నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు.

గ్రాఫిక్స్ అనలైజర్ అని ఒక సాధనం ఉంటుంది. ఆట నడుస్తుండగా ఒక్క ఫ్రేమును పట్టి ఆపి, ఆ ఒక్క బొమ్మ కోసం లాప్‌టాప్ ఏ వస్తువును ఏ వరుసలో గీసింది, ఒక్కోదానికి ఎంతసేపు పట్టింది, అన్నీ విప్పి చూపిస్తుంది. గురువారం నాడు ఆ మూల దగ్గర పట్టిన ఫ్రేములో రోడ్డుంది, సైకిలుంది, గోడ ఉంది, తెర మీద ఎక్కడా కనిపించని వస్తువులు వందల్లో ఉన్నాయి. పేర్లు చూస్తే అమ్మ గంజు, అమ్మ సర్వ, అమ్మ కవ్వం, అమ్మ ఉప్పు జాడీ. తలుపు ఎన్నడూ తెరుచుకోని ఆ గులాబీ ఇంట్లో అక్క ఒక నిండు వంటగదిని కట్టిపెట్టింది. ఆడేవాళ్ళకు అది కనబడదు. అయినా ప్రతిసారీ నా లాప్‌టాప్ గిన్నె గిన్నెనూ విడివిడిగా గీసి, వాటి మీద గోడ గీసి కప్పేస్తోంది.

అక్క నాకు నాలుగడుగుల దూరంలోనే కూర్చుని ఉంది. చెబితే అప్పుడే తీసేసేది. తీసేస్తే శుక్రవారం చూపించడానికి నా దగ్గర ఏముంటుంది? చెప్పలేదు.

మీటింగులో ఆ జాబితాను పెద్ద తెర మీద పెట్టి పేరు పేరునా చదివాను. వంటగదిని ఆపేసి మూల తిరిగితే సైకిలు నీళ్ళ మీద పోయినట్టు పోయింది. వెనక నుంచి ఎవరో "ఇన్ని గంజులున్నయ్, దావత్ ఎప్పుడక్కా?" అన్నారు, మళ్ళీ అందరూ నవ్వారు. లోపాన్ని తానే పట్టినట్టు లీడు సాయంత్రం పైవాళ్ళకు మెయిలు పంపాడు, అందులో నా పేరు లేదు. ఆ మెయిలు ఇప్పటికీ దాచుకున్నాను.

అక్క మాత్రం జిరాక్సు మిషను దాకా వచ్చి, "నన్నొక్క మాట అడిగితే నేనే తీసేద్దును గద తమ్మీ. అందరి ముంగట మా అమ్మ గంజులు లెక్కవెట్టినవ్" అంది. అది కోహెడలో వాళ్ళమ్మ వంటగది అనీ, ఆమె చనిపోయిన ఏడాదే అక్క వాళ్ళ అన్నలు ఆ ఇంటిని పడగొట్టించారనీ తరవాత ఇంకెవరో చెప్పారు. నా ఉద్యోగం నిలిచింది. సోమవారం నుంచి అక్క కిటికీ పక్కవాళ్ళతో కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఆ తరవాత నాలుగేళ్ళు పనిచేశాను, నాలుగేళ్ళూ ఒక్కడినే తిన్నాను. నా మెడ మీద కత్తి ఉన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా ఎందుకట్ల చేసినవని ఒక్కసారి కూడా అడగలేదు, అదీ నేను మరిచిపోలేదు.

లెక్క ప్రకారం నాదే ఒప్పు. ఇప్పటికీ అదే అంటాను. కాని ఈనాటి లాప్‌టాప్‌లకు అలాంటి వంటగదులు పది ఉన్నా చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఫ్రేమును ఆపి గోడ వెనక ఏముందని వెతికే అవసరం చాలామందికి రాదు, ఎవరు ఏం దాచుకున్నా అలాగే ఉండిపోతుంది. అప్పుడు యంత్రాలకు అంత ఓపిక లేదు, నాకూ లేదు. పేర్లు చదివాను, ఒక్కోదానికి పట్టిన సమయం చదివాను. కెమెరాను గోడ దాటించి ఆ వంటగదిలో ఒకసారి తిప్పి చూడటం నాకు చిటికెలో పని. తీసేసే ముందు అది ఎలా ఉందో నేను చూడలేదు.