కార్క్ మైదానంలో మా తమ్ముడు అన్న మాట

మొన్న శనివారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఆడమ్స్‌టౌన్ నుంచి డబ్లిన్ ఊళ్ళోకి వెళ్ళి ట్రామ్ ఎక్కేసరికి, పెట్టె నిండా ఒకే రంగు జెర్సీలు వేసుకున్న అమెరికావాళ్ళు, తాతలూ మనవలూ అన్న తేడా లేకుండా పాటలు పాడుకుంటూ కనిపించారు. వాళ్ళ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈ ఏటి మొదటి ఆట ఆడటానికి సముద్రం దాటి ఇక్కడికి వచ్చిందట, దాని వెనకే ఊరు ఊరంతా కదిలి వచ్చినట్టుంది. స్టేడియానికి ఎక్కడ దిగాలని ఒక పెద్దాయన అడిగితే చెప్పాను. ఆయన దిగిపోయాక మా అమ్మాయి నవ్వుతూ, "డస్ ఎనీవన్ ఈవెన్ ప్లే దట్ హియర్, మామ్?" అంది. నాకు తెలియదన్నాను.

తెలియకేం. ఇరవై ఏళ్ళ కిందట నేనూ, మా చిన్నమ్మ కొడుకూ కార్క్‌లో ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో, ఆ ఆట ఆడే కాలేజీ జట్టు ఒకటి మా జీవితంలోకి వచ్చింది. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇంటికి ఫోన్ చేయాలంటే కార్డు కొని, గీకి, అంత పొడుగు నెంబరు నొక్కాలి. కరివేపాకు కావాలంటే డబ్లిన్ వెళ్ళేవాళ్ళను బతిమాలుకోవాలి. తెలుగు మాట వినబడితే బస్సులో వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. హన్మకొండలో పక్కపక్క ఇళ్ళలో పెరిగిన మేమిద్దరం ఆ ఊళ్ళో ఒకరికొకరం తప్ప దిక్కులేని వాళ్ళం.

మా తమ్ముడు ఆరడుగుల పైన మనిషి, తలుపుకు అడ్డం నిలబడితే వెలుతురు రాదు. చిన్నప్పుడు క్రికెట్‌లో పరుగెత్తలేడని ఎవరూ చేర్చుకునేవారు కాదు. కాలేజీలో క్లబ్బులన్నీ కొత్తవాళ్ళను చేర్చుకోవడానికి బల్లలు వేసుకుని కూర్చున్న రోజున ఒక ఐరిష్ కుర్రాడు వాడి భుజాలు చూసి ఊరికే వదల్లేదు. సాయంత్రం ఇంటికొచ్చి, "బాల్ ముట్టుకునే పనే లేదక్కా! గోడ లెక్క నిలబడి ఎదుటోన్ని ఆపుడే!" అని వాడు చెప్పినప్పటి సంతోషం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది.

మొదటి ఆటకు చూద్దామని వెళ్ళి, రెండో ఆటకు పులిహోర చేసి తీసుకెళ్ళి, మూడో ఆట నాటికి నీళ్ళ సీసాలు నింపేది, మణికట్లకు టేపు చుట్టేది నేనే అయ్యాను. మా తమ్ముడు అక్కా అని పిలవడం విని అదే నా పేరనుకుని ఆ ఐరిష్ పిల్లలందరూ నన్ను అక్కా అనే పిలిచేవారు. పగలు బడిలో లెక్కలు చెప్పి, సాయంత్రం ఆట నేర్పే కోచ్‌ది కూడా అదే పిలుపు. కొన్నేళ్ళు అమెరికాలో ఉండి ఆ ఆట నేర్చుకున్న మనిషి ఆయన, వానలో తడుస్తూ కూడా గొంతు పెంచి ఎవరినీ ఒక్క మాట అని ఎరగడు. ఆ మైదానం దాటితే కార్క్‌లో మేము ఎప్పుడొస్తామా అని చూసే మనిషి లేడు. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను చేసిన పనికి నా దగ్గర ఉన్న సంజాయిషీ ఇదొక్కటే.

ఆ ఏడు మా జట్టు ఒక్క ఆటా గెలవలేదు. ఓడిన కొద్దీ పిల్లలు తగ్గిపోయారు. ఒకడికి భుజం ఎముక విరిగింది, ఒకడు పరీక్షలన్నాడు, ఇద్దరు పొలం పనులకని ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ రాలేదు. చివరి ఆటకు మిగిలింది పన్నెండు మంది. మైదానంలో పదకొండు మంది లేకపోతే ఆట అక్కడితో ఆపేస్తారనీ, సీజన్ పూర్తి చేయకపోతే కాలేజీ జట్టునే ఎత్తేస్తుందనీ కోచ్ ముందే చెప్పాడు.

విచిత్రమేమిటంటే ఆ రోజు మావాళ్ళే ముందున్నారు. ఆ ఏడంతటిలో అదే మొదటిసారి. రెండో సగంలో ఒకడు చీలమండ మెలిపడి బయటికొచ్చాడు, సరిగ్గా పదకొండు మంది మిగిలారు. ఆ వెంటనే మా తమ్ముడి తలకు ఎదుటివాడి తల తగిలింది. హెల్మెట్లు కొట్టుకున్న చప్పుడు గట్టు మీద నిలబడ్డ నాకు వినిపించింది. వాడు లేచి, నాలుగడుగులు వేసి, గీత దగ్గర కూలబడ్డాడు. కోచ్ వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు చూపించాడు, ఇవాళ ఏ వారమని అడిగాడు. మా తమ్ముడు ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసి, ఎంతో నెమ్మదిగా నవ్వి అన్నాడు:

"బస్సు ఇంక రాలేదా అక్కా? అమ్మ ఎదురు చూస్తది."

వాడు హన్మకొండ బస్టాండులో ఉన్నాడు. నాకు ఆ క్షణమే అర్థమైంది. అర్థం కాలేదని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను నేను నమ్మించుకోలేకపోయాను.

"వాట్స్ హీ సేయింగ్, అక్కా?" అన్నాడు కోచ్.

మిగిలిన పిల్లలు బురద మొహాలతో నా నోటి వంకే చూస్తున్నారు. ఆ మైదానంలో తెలుగు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. "హీ సేస్ హీ ఈజ్ గ్రాండ్" అన్నాను. ఇక్కడివాళ్ళ మాటలో, ఏం కాలేదు, బాగానే ఉన్నానంటున్నాడని.

లోపలికి వెళ్ళిన రెండో నిమిషంలో వాడు పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. ఆట ఆపేశారు. అంబులెన్సు వచ్చేదాకా అవతలి జట్టు పిల్లలు కూడా హెల్మెట్లు తీసి చేతుల్లో పట్టుకుని వానలో నిలబడే ఉన్నారు. తలలో రక్తస్రావం అన్నారు. మొదటి దెబ్బకే బయట కూర్చోబెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని డాక్టరు అన్నప్పుడు కోచ్ నా పక్కనే ఉన్నాడు. ఆయన రోజూ ఆసుపత్రికి వచ్చేవాడు. తప్పంతా తనదేననీ, ఎవరినీ అడగకుండా తానే ఆపవలసిందనీ అంటూ మొహం దాచుకుని ఏడ్చేవాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను గానీ నోరు విప్పలేదు. జట్టు ఆ ఏడుతోనే పోయింది. ఆయన మళ్ళీ ఆట నేర్పలేదు. రెండేళ్ళ కిందట ఆయన కాలం చేశాడని తెలిసి కార్క్ దాకా వెళ్ళి, శవపేటిక పక్కన వరసలో నిలబడ్డ ఆయన భార్య చేతులు పట్టుకుని, అప్పుడు కూడా చెప్పలేక తిరిగి వచ్చాను.

మా తమ్ముడు చదువు పూర్తి చేయలేదు. అరగంట కంప్యూటరు చూస్తే తల పగిలిపోతుందంటాడు. ఇప్పుడు ములింగార్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో పొద్దున పూట అరల్లో సరుకులు సర్దుతాడు. పెళ్ళి చేసుకోలేదు. చెంచా అనబోయి మాట దొరక్క చేత్తో కలిపి చూపిస్తాడు. తెలుగైనా ఇంగ్లీషైనా అంతే. రెండు వారాలకొక ఆదివారం నేను వెళ్ళి వండిపెట్టి వస్తాను. పోయిన సారి టీ తాగుతూ, ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ రోజు కోచ్ అడిగినప్పుడు నేనేమన్ననక్కా? ఎంత యాది చేసుకున్నా వస్తలేదు."

"ఆడతా అన్నవురా" అన్నాను.

"గట్లనే అని ఉంట" అని వాడు సంతోషంగా తల ఊపాడు.

రోజులు మారాయి, మంచికే మారాయి. మా అమ్మాయి ఇక్కడి పిల్లలతో కలిసి కర్రలు పట్టుకుని ఆడే ఆటకు వెళుతుంది. ఈ మధ్య వాళ్ళ జట్టులో ఒక పిల్ల తలకు చిన్న దెబ్బ తగిలితే రిఫరీ అప్పటికప్పుడే బయటికి పంపేశాడు. తనకేం కాలేదని ఆ పిల్ల ఏడ్చింది, బతిమాలింది, ఎవరూ వినలేదు. ఇప్పుడు అదే నియమమట. ఆ పిల్ల తల్లి నా పక్కనే గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. కూతురిని కోటులో చుట్టుకుని, కారెక్కించుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ కారు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాను.