బావ్‌లిన్ అరచేతులు

చీ బావ్‌లిన్ అరచేతులంటే చైనాలో లుంగ్‌చింగ్ టీ పండే కొండల్లో ఒక పేరు. పదిహేడో ఏటి నుంచి నలభై ఎనిమిది వసంతాలు, సెగలు కక్కే ఇనుప మూకుట్లో ఉత్త చేతులతో ఆకు వేయించిన మనిషి. ఆకును మూకుడుకు అదిమి బల్లపరుపు చెయ్యడం గరిటెతో అయ్యే పని కాదు. వేడి ఎంతుందో చేతికే తెలియాలి. మొదటి ఏడాది బొబ్బలెక్కి ఏడిస్తే వాళ్ళ నాన్న, "చెయ్యి ఏడవడం మానేశాక పని వస్తుందిలే" అన్నాడట. ఆ మాట బావ్‌లిన్ గొప్పగా చెప్పుకునేవాడు.

ఈ ఏడు, పెద్దల సమాధులు ఊడ్చే చింగ్‌మింగ్ పండుగకు ముందరి లేత చిగురు ఇంటికి చేరే వేళకి, కొడుకు హాయ్‌యోంగ్ వేయించే యంత్రం తెచ్చి వాకిట్లో దించాడు. బావ్‌లిన్ రెండు రోజులు అన్నం దగ్గర కూడా నోరు విప్పలేదు. మూడో రోజు పొద్దున విప్పాడు.

"ఇనప్పెట్టెకి చెయ్యుందా, ముక్కుందా? అంతా మాడ్చి మసి చేస్తుంది."

"అయితే పందెం నాన్నా. ఒకే గంపలో చిగురు. సగం నీ మూకుట్లో, సగం దీన్లో. నీది నువ్వు గుర్తుపడితే దీన్ని ఈ పూటే వెనక్కి పంపిస్తా. పట్టకపోతే ఇక నువ్వు మూకుడు ముందు కూర్చోకూడదు."

మధ్యాహ్నానికి రెండూ వేగి చల్లారాయి. గెలుపు మీద ఎంత ధీమా అంటే, బావ్‌లిన్ రెండో వాయికి మూకుడు వేడెక్కడానికి పెట్టే వచ్చాడు.

"కళ్ళతో చూసి చెప్పడం పిల్లలాట. నాలుకతో చెబుతా" అని తువ్వాలు కళ్ళకు కట్టుకున్నాడు.

భార్య యున్‌దీ రెండు గాజు గ్లాసుల్లో ఆకు వేసింది. గంతలు కట్టుకున్నా ఆయన పెత్తనం తగ్గలేదు.

"మరిగే నీళ్ళు పొయ్యకు, చిగురు ఉడికి చస్తుంది. మూత తీసి ఆవిరి పలచబడనియ్యి. ముందు ఆకు తడిసేంతే. గ్లాసు తిప్పు. ఇప్పుడు కెటిల్ మూడుసార్లు ఎత్తి దించుతూ పొయ్యి. అంచుదాకా పోశావంటే వచ్చినవాణ్ణి లేచి పొమ్మన్నట్టే."

"తెలుసులేవయ్యా" అంది యున్‌దీ.

మొదటి గ్లాసులో వేయించిన చిక్కుడు గింజల కమ్మదనం, వెనకనే సన్నటి తీపి. బావ్‌లిన్ మొహం విప్పారింది. రెండోది గుక్క పడగానే ఉమ్మేశాడు.

"ఇదీ మీ యంత్రం. మాడు కంపు. దీన్ని టీ అన్నవాడి నాలుక కొయ్యాలి."

గెలిచిన హాయ్‌యోంగ్ నేలచూపులు చూస్తున్నాడు. బావ్‌లిన్ తువ్వాలు లాగి గ్లాసులోకి చూశాడు. అంచులు కమిలిన ఆ ఆకుల మీద అదిమిన గుర్తు తన చేతిదే. ఊరందరికీ తెలిసింది, తెలియవలసినవాడికే చివర తెలిసింది.

"మూడేళ్ళుగా ఇంతేనయ్యా" అంది యున్‌దీ. "నీ చేతికి వేడి తెలియడం లేదు. కొనేవాళ్ళు తిప్పి పంపేశారు. నీకు చెప్పలేక ఆ మాడు టీ నేనే తాగుతున్నా."

"మరి రోజూ నేను తాగింది?"

"పక్కింటి వాళ్ళది. యంత్రానిదే."

మూడేళ్ళు, రోజూ పొద్దున ఆ టీ తాగి తన చేతులనే మెచ్చుకున్నాడు బావ్‌లిన్. సిగ్గుతో ఒళ్ళంతా ముడుచుకుపోయింది. లోపలికి వెళ్ళి, రెండో వాయికి కాగుతున్న మూకుట్లో అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నొప్పి కోసం చూశాడు.

నొప్పికన్నా ముందు కమురు వాసన వచ్చింది. యున్‌దీ పరుగెత్తుకొచ్చి చెయ్యి లాగేసింది.