రాడ్డు పట్టని కండక్టరు

బస్సు దిగి ఏళ్ళు గడిచినా ఆయన్ని వీధంతా కండక్టరు గారనే పిలుస్తుంది. ఆయన కూడా ఇంకా బస్సులోనే ఉన్నట్టు నడుస్తాడు. కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు వదులుగా, పొట్ట ముందుకి, చేతులు రెండూ ఖాళీగా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నడిచే బస్సులో పైన రాడ్డు ఏనాడూ ముట్టుకోలేదట. ఎంత మలుపైనా, ఎంత గుంటైనా, సీటు అంచుకి నడుం ఆనించి ఒక చేత్తో టికెట్టు చింపుతూ రెండో చేత్తో చిల్లర ఇచ్చేవాడట. రాడ్డు పట్టుకుని వేళ్ళాడే ప్రయాణికుల్ని గబ్బిలాలనేవాడు. ఇందులో అబద్ధమేమీ లేదు పాపం, నిలబడటం ఆయనకి నిజంగా చేతనైన విద్య. కాకపోతే చేతనైంది అదొక్కటే. అందుకని ఉన్న పొగరంతా దాని మీదే పేరుకుంది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆయనా, భార్యా. ఆవిడ ఎముకలు గుల్లబారాయనీ, ఒక్కసారి గట్టిగా పడితే మళ్ళీ లేచి తిరగడం అనుమానమేననీ డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. బాత్రూంలో గోడకి స్టీలు రాడ్లు బిగించమంది, అరిగిపోయిన చెప్పులు పారేయమంది, తడి గచ్చు మీద గరుకు పట్టా పరవమంది. కండక్టరు అన్నీ శ్రద్ధగా విన్నాడు. విని బయటికొచ్చి, "పడేవాళ్ళు పడతారు, నిలబడేవాళ్ళు నిలబడతారు. దీనికి డాక్టరెందుకు?" అన్నాడు. ఆవిడ తలూపింది. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలంతా ఆవిణ్ణి మెచ్చుకుంటారు. మెచ్చుకోరూ మరి, వాళ్ళదేం పోయింది!

ఊరి అవతలి కొసన ఉండే కూతురు మాత్రం ఊరుకోలేదు. రాడ్లూ, గరుకు పట్టా కొని, ప్లంబరుని వెంటబెట్టుకుని దిగింది. డ్రిల్లింగు మిషను చూడగానే కండక్టరు ఒంటికాలి మీద లేచాడు.

"ఇది ఇల్లనుకున్నావా, సిటీ బస్సనుకున్నావా? గోడ గోడకీ రాడ్లేంటి?"

"అమ్మ కోసం నాన్నా."

"మీ అమ్మకేమైంది? నా పెళ్ళామై ఉండి పడుతుందా? ఏమేవ్, నువ్వు పడతావా?"

ఆవిడ వంటింటి గుమ్మంలోంచి, "నేనెందుకు పడతానండీ" అంది.

"విన్నావుగా. అటక మీద పడెయ్ ఆ ఇనప సామాను."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో కూతురు మాత్రం ఎంతసేపు వాదిస్తుంది? ఇచ్చిన టీ తాగి ప్లంబరు వెళ్ళిపోయాడు. రాడ్లు అట్టపెట్టె కూడా విప్పకుండా అటకెక్కాయి. గరుకు పట్టా మీద ఆయన బయటి చెప్పులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఇంతలో కింద వాటాలో ఉండే ముసలి టైలరు మెట్ల మీద జారి చతికిలబడ్డాడు. దెబ్బ పెద్దది కాదు గానీ కండక్టరుకి చేతి నిండా పని దొరికింది. ఎవరొచ్చినా సరే, వరండాలో ఆ పడటాన్ని ఆడి చూపించడమే. ముందు చేతులు గాలిలో కొట్టుకోవడం, తర్వాత "అమ్మో" అన్న కేక, ఆఖరికి మెట్టు మీద కూలబడ్డ టైలరు వెర్రిమొహం. డెబ్బై దాటిన పెద్దమనిషి ఇంకో ముసలివాణ్ణి పట్టుకుని ఇలా వెక్కిరిస్తుంటే చూసేవాళ్ళు నవ్వారు, వాళ్ళకీ సిగ్గు లేదు. టైలరు సాయంత్రాలు బయట కూర్చోవడం మానేశాడు. టీ కప్పులతో వచ్చిన ప్రతిసారీ భార్య ఆ నాటకం చూసింది. ఆవిడ ఒక్కసారీ నవ్వలేదు. ఆయనకి అది కనపడలేదు, నవ్వేవాళ్ళ వైపు తిరిగి ఆడుతున్నాడు మరి.

ఆ రోజుల్లోనే ఆవిడ మోచేతి మీద నల్లగా కమిలిన మచ్చ కనిపించింది. బీరువా తలుపు తగిలిందంది. అది మానకముందే పిక్క మీద ఇంకోటి. మంచం కోడు తగిలిందంది. "కళ్ళు నెత్తి మీద పెట్టుకుని నడుస్తావా?" అని ఆయన కసిరాడు. ఇంట్లో సామానంతా కట్టగట్టుకుని ఒక్క మనిషినే ఎందుకు కొడుతోందో ఆ మహానుభావుడికి అనుమానం రాలేదు. మొహం చూసి టికెట్టు లేనివాణ్ణి పట్టేసేవాణ్ణని చెప్పుకుంటాడు పైగా!

ఒకరోజు పొద్దున ఆయన ముందు గదిలో పేపరు చదువుతుంటే బాత్రూంలో దబ్బున చప్పుడైంది.

"ఏం పడేశావే?"

"మగ్గు జారిందండీ."

గొంతు మామూలుగానే ఉంది. ఆయన పేజీ తిప్పాడు. కాసేపటికి టీ ఏదని కేకేశాడు. వస్తున్నానంది. పేపరు మొత్తం అయిపోయింది, టీ రాలేదు. విసుక్కుంటూ మళ్ళీ మొదటి పేజీకి వచ్చేసరికి, గిన్నెలు తోమే ఆవిడ వెనక తలుపులోంచి వచ్చి కెవ్వున అరిచింది. ఆయన పరిగెత్తాడు. భార్య తడి గచ్చు మీద గోడకి జారగిలబడి ఉంది. కుళాయి ఇంకా పారుతోంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఉండకూడని వంపు తిరిగి ఉంది. బాధ బయటికి రాకుండా పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

తుంటి ఎముక తప్పించుకుంది గానీ మణికట్టు విరిగింది. డాక్టరమ్మ ఆయన్ని అందరి ముందూ దులిపేసింది. ఆయన తల వంచుకుని మందుల చీటీ అందుకున్నాడు. కట్టు వేయించి ఇంటికి తీసుకొచ్చాక మాత్రం ఆగలేకపోయాడు.

"పక్క గదిలోనే చచ్చాను కదే! ఒక్క కేక వెయ్యొచ్చు కదా?"

"పిలిస్తే ముందు నవ్వుతారు" అంది ఆవిడ. "ఆ తర్వాతే కదండీ లేపేది. ఎలాగోలా నేనే లేద్దామనుకున్నాను."

నిష్ఠూరంగా కూడా అనలేదు. రేపు వానొస్తుందేమో అన్నట్టు అంది.

"ఇదివరకు కూడా పడ్డావా?"

"పడ్డాను."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సామెత కట్టినవాడెవడో మోకాళ్ళు గట్టిగా ఉన్న కుర్రాడై ఉంటాడు. ఈ వయసులో ఏది జారినా తీసుకోలేం. ఆయన నోరు ఏడాది పొడుగునా జారుతూనే ఉంది, దానికి దడిసి ఆవిడ కాలు జారిన సంగతి దాచుకుంది. అంత పొడుగు కాపురంలో తన భార్యకి తనంటే ఇంత భయమని ఆయనకి ఆ సాయంత్రమే తెలిసింది. తెలిసి, గుండెలో కలుక్కుమంది. ఆలస్యమైనా ఆ మాత్రం అయినందుకు సంతోషించాలి.

రాడ్లు అటక దిగాయి. ప్లంబరుని ఆయనే వెళ్ళి పిలుచుకొచ్చాడు. బాత్రూంలో రెండు, గుమ్మం పక్కన ఒకటి బిగించారు. గొడవ తీరిందనుకుంటే, ఆవిడ వాటిని పట్టుకోదే! ఆయన లేనప్పుడు పట్టుకుంటుందట, గిన్నెలు తోమే ఆవిడ చెప్పింది. ఆయన అడుగు చప్పుడు వినపడితే చాలు, చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంటుంది. "పట్టుకోవే, పట్టుకోమంటుంటే!" అని గదమాయించాడు. దానితో ఇంకా బిగుసుకుపోయింది. భయపెట్టి మాన్పించినదాన్ని భయపెట్టి అలవాటు చెయ్యబోయాడు ఘనుడు.

మర్నాడు తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూం గుమ్మం దగ్గర నిలబడి, "ఇటు రావే" అని పిలిచాడు. ఆవిడ వచ్చింది. ఆమె చూస్తుండగా, ఏ బస్సులోనూ ఎత్తని చేతులు రెండూ ఎత్తి, గుమ్మం పక్కన రాడ్డు పట్టుకున్నాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆవిడ నవ్వుతుందని ఎదురుచూశాడు. నవ్వితే బాగుండుననే అనుకున్నాడు, ఒక్క నవ్వు నవ్వేస్తే తన పాపం కాస్తయినా తీరిపోతుంది.

ఆవిడ నవ్వలేదు.

"మెల్లగా దిగండి, అక్కడ తడిగా ఉంది" అంటూ, కట్టు లేని చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది.