బావగారి వైన్‌కి గోంగూర కబాబు

మా బావగారి మీద నాకు ఏడాదిగా కడుపుమంట. ఆయన మా ఆయనకి అన్నయ్య, మాలాగే కువైట్‌లోనే, హవల్లీలో ఉంటారు. కిందటేడు అహ్మదీలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా అక్క పొద్దుటి నుంచి నిలబడి వండిన గోంగూర మాంసం ఒక్క ముద్ద తిని కంచం పక్కకి తోసేశారు. "ఇదేం వంటమ్మా? దీని పక్కన ఏ వైనూ నిలబడదు. నాలుక చచ్చిపోద్ది" అన్నారు, అందరి ముందూ. కంపెనీ ట్రైనింగుకి ఫ్రాన్స్ వెళ్ళొచ్చినప్పటి నుంచి ఆయనకి ఈ వైన్ పిచ్చి పట్టుకుంది.

అక్క అప్పుడే ఇక్కడి మనవాళ్ళ ఫంక్షన్లకి వండిపెట్టే పని మొదలుపెడదామనుకుంటోంది. ఆ మాటతో మానేసింది. "నా చేతి కూర నలుగురిలో పెట్టాలంటే భయంగా ఉందే" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయనకి బుద్ధి చెప్పి, అక్కని మళ్ళీ పొయ్యి ముందు నిలబెట్టాలని పంతం పట్టాను.

మొన్న చలికాలంలో ఆయనే దొరికారు. మా ఇంట్లో నలుగురినీ పిలిచి వైన్ రుచి చూపిస్తారట. కువైట్‌లో మందు నిషేధం కాబట్టి ఆల్కహాల్ తీసేసిన ఫ్రెంచ్ రెడ్ వైన్. ఆవు కొమ్ములో పేడ నింపి, పొలంలో పాతి, ఆ ఎరువుతో పండించిన ద్రాక్షట. చంద్రుణ్ణి చూసి మంచిరోజున తాగితేనే రుచి తెలుస్తుందట. నేను రాహుకాలం చూస్తానని ఇన్నాళ్ళూ వెక్కిరించిన మనిషి!

"వేయించిన గొర్రె మాంసం, పుట్టగొడుగులు చాలు. కారం, పులుపు దగ్గరికి రానివ్వకమ్మా" అన్నారు ఫోన్‌లో.

"అలాగేనండీ బావగారూ" అన్నాను. ఫోన్ పెట్టేసి అక్కని పిలిచాను. ఆయన రావడం లేదని అబద్ధమాడాను. గొర్రె కీమాలో గోంగూర, పండుమిరపకాయలు నూరి కలిపించాను. పైకి మామూలు కబాబుల్లాగే ఉన్నాయి.

ఆయన గొంతు వినగానే అక్క వంటింట్లోనే ఉండిపోయింది. నేను కబాబుల ప్లేటు తెచ్చి పెట్టాను. బావగారు సీసాని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీశారు, గాజు కూజాలోకి ఒంపారు, గ్లాసు తిప్పి వాసన చూశారు, చెర్రీలంటూ మట్టి వాసనంటూ ఉపన్యాసం దంచారు. మాట్లాడుతూనే ఒక కబాబు మొత్తం నోట్లో వేసుకుని, వైన్ గుక్క తాగారు.

అబ్బ, ఆ మొహం చూడాలి! కారం, పులుపు, ఆ వైన్ వగరు కలిసి, తుప్పు పట్టిన మేకు నాకినట్టు మూతి వంకర తిరిగిపోయింది. కళ్ళలో నీళ్ళు. "సీసాలోనే... ఏదో తేడా" అన్నారు దగ్గుతూ.

"రాహుకాలంలో గాని మూత తీశారేంటి బావగారూ?" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. మా ఆయన కూడా.

వచ్చినవాళ్ళంతా గ్లాసులు పక్కన పెట్టి కబాబుల మీద పడ్డారు. "ఎవరు చేశారండీ ఇవి? మా బాబు పుట్టినరోజుకి వాళ్ళే వండాలి" అందొకావిడ. నేను వెళ్ళి అక్క చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. అక్క ముందు బావగారి వైపు చూసింది. ఆయన తల దించుకున్నారు. "వండుతానండి" అంది అక్క. మాట గట్టిగానే వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆయన అవస్థ చూసి అక్క గబగబా బయటికి వెళ్ళి పెరుగుగిన్నె తెచ్చి, అన్నం కలిపి చేతికిచ్చింది. "తినండి అన్నయ్యగారూ, మంట తగ్గుద్ది" అంది. ఆయన చిన్నపిల్లాడిలా తిన్నారు.

అక్క మనసు వెన్న. ఫ్రిజ్‌లో చోటు లేదని చెప్పి పొద్దున ఆ పెరుగు అక్కచేత పక్కింట్లో పెట్టించింది నేనే, ఆయనకి దొరక్కూడదని.